మిర్యాలగూడ అమ్మాయి మెరైన్ బయాలజీ చదవొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బిడ్డ బీఎస్సీ బీజడ్‌సీ ఫైనలియర్. విశాఖపట్నం వెళ్లి మెరైన్ బయాలజీ చదువుతానంటోంది. సముద్రపు నాచు, ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) లెక్కపెట్టే పనికి జీతం ఎవరిస్తారు? బీఎడ్ చేయిస్తే మేలా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఏటా అడ్మిషన్ల వేళ ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది కానీ భయం అదే. ఆడపిల్లను అంత దూరం పంపి, తీరా ఉద్యోగం రాకపోతే నలుగురూ ఏమంటారన్నదే మీ టెన్షన్. నాకు అర్థమవుతుంది. కానీ మీ ఉత్తరంలో అమ్మాయికి ఈ చదువు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా? అడగకుండానే బీఎడ్ మాట ఎత్తడం నాకు నచ్చలేదు.

ముందు ఆ పనేమిటో వినండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు వేళ సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. అప్పుడు బయటపడ్డ రాళ్ల మీద చదరపు ఫ్రేమ్ పెట్టి, అందులో ఉల్వా నాచు ఎంత, సర్గాసమ్ నాచు ఎంత అని రాసుకోవాలి. అదే చోటికి నెలనెలా, ఏళ్ల తరబడి వెళ్లాలి. ప్లాంక్టన్‌ కోసమైతే సీసాలో పట్టిన నీళ్లలో అవి పాడవకుండా, అడుక్కి దిగేలా లుగోల్స్ అయోడిన్ అనే ద్రావణం చుక్కలు వేస్తారు. నీళ్లు పలచటి టీ రంగుకు తిరుగుతాయి. అడుగున పేరుకున్న దాంట్లోంచి ఒక్క మిల్లీలీటరు తీసి, వెయ్యి గళ్లుండే గాజు పలకలో పోసి, మైక్రోస్కోప్ కింద జాతులవారీగా లెక్కపెడతారు. మెడలు పట్టేస్తాయి. ఓపిక లేనివాళ్లకు ఇది నరకం.

జీతం సంగతికొద్దాం. మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. ఉపగ్రహాలు పట్టిన సముద్రపు రంగును, వేడిని చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెబుతుంది. ప్లాంక్టన్ ఎక్కడ ఎక్కువైందో రంగు చెబుతుంది. అది ఏ జాతి, విషం చిమ్మేదా కాదా అన్నది తేల్చాలంటే నీళ్లు తెచ్చి చూసే మనిషి కావాలి. గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓకు, కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐకి విశాఖలో కేంద్రాలున్నాయి. అయితే మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి, ఇది దాచను. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొడితే నెలకు 37 వేలు, పైన ఇంటద్దె వస్తాయి.

నా అనుమానమంతా ఇప్పుడు ఫ్యాషనైన సీవీడ్ (సముద్రపు నాచు) పెంపకం స్టార్టప్‌ల మీద. 2020లో నాచు పెంపకానికీ సాయమిచ్చే కేంద్ర పథకం పీఎం మత్స్య సంపద యోజన వచ్చాక, నాలుగు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. రీల్స్‌లో లాభాలే చూపిస్తారు. ఎండ ముదిరి నీళ్లు వేడెక్కితే నాచు తెల్లబడి రాలిపోతుందని, తుఫానొస్తే నాచు పెంచే తెప్పలు కొట్టుకుపోతాయని చెప్పరు. పెంపకం కోసం బయటినుంచి తెచ్చిన కప్పాఫైకస్ నాచు తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి పాకిందని 2008లోనే శాస్త్రవేత్తలు రాశారు. అంతకుముందు అక్కడ ఏముందో రాసిపెట్టుకున్నవాళ్లు ఉంటేనే కదా, ఆ తేడా తెలిసేది! మీ అమ్మాయి ఆ రాసేవాళ్లలో ఉంటానంటే సంతోషం. సర్టిఫికెట్‌కు డబ్బు కట్టమంటే మాత్రం కట్టకండి.

బీఎడ్ మంచిదే, ఇంటికి దగ్గర. కానీ డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియక ఏళ్లు గడిపినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. పైగా బీఎడ్ దారి తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఇంట్లో ఇంకెవరైనా ఇంటర్ బైపీసీలో ఉంటే, మన పెబ్బేరులోనే ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, చూడండి.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. మీ దగ్గర్లోని చెరువు నీళ్లు ఒక సీసాలో పట్టించి, డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్‌ను అడిగి, అమ్మాయిని మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టండి. జాతులు వేరైనా లెక్కపెట్టే పద్ధతి అదే. రెండు మూడు గంటల తర్వాత కూడా లేవబుద్ధి కాకపోతే, ఆంధ్రా యూనివర్సిటీ మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగానికి మీరే వెంట వెళ్లండి. హాస్టల్ చూడండి, అక్కడి సీనియర్ అమ్మాయిలతో మాట్లాడండి. ఫీల్డ్‌కు ఎవరితో వెళ్తారో, పడవలో లైఫ్ జాకెట్లు ఇస్తారో లేదో వాళ్లనే అడగండి.