ఫ్రీ నూనె కోసం మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది తెనాలి. నేను, నా భార్య టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. నెలకు రూ.40,000 దాకా మిగులుతుంది. అందులో ఇంటి ఖర్చు రూ.32,000. మా 2009 ఇండికా డీజిల్ కారు నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతుంది, డీజిల్‌కే రూ.7,000 దాటుతోంది. బజ్జీలు, పునుగులు వేశాక నెలకు 40 లీటర్ల నూనె మిగులుతుంది. ఆ నూనెతో కారు నడిచేలా రెండో ట్యాంకు, హీటరు, ఫిల్టర్లు బిగించడానికి మా మెకానిక్ రూ.90,000 అడుగుతున్నాడు. రూ.40,000 నా భార్య గొలుసు మీద, రూ.50,000 తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తేవాలనుకుంటున్నాం. రూ.5,000 అడ్వాన్స్ ఇచ్చాను. బ్యాంకులో రూ.18,000 ఉన్నాయి. లాక్‌డౌన్‌లో చేసిన అప్పు తీర్చడానికి రెండేళ్లు పట్టింది. ఈ పని చేయించమంటారా?

జవాబు: వద్దు. మీ ఉత్తరం అందరూ చదవాలనే ఇక్కడ జవాబిస్తున్నాను. నెల ఖర్చు తగ్గించుకుందామని అప్పు చేసేవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు. ఒకరు కరెంటు బిల్లు తగ్గించుకోవాలంటారు, ఇంకొకరు పెట్రోలు ఖర్చు తగ్గించుకోవాలంటారు. ఆదా రేపెప్పుడో వస్తుంది, వడ్డీ మాత్రం ఈ నెల నుంచే మొదలవుతుంది.

నూనెతో డీజిల్ ఇంజిన్ నడుస్తుందా అంటే నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశెనగ నూనెతోనే నడిపి చూపించారు. మీ ఇండికాది పాత రకం ఇండైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ (డీజిల్‌ను ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మేది) అయితే, ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్త రకం కామన్ రైల్ కార్ల కంటే ఎక్కువే తట్టుకుంటుంది. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు. కానీ మీ కారు రోజూ ఎలా తిరుగుతుందో ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

వంటనూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. 70, 80 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ ఇంజెక్టర్ నుంచి సరిగ్గా చిమ్మదు. అందుకే బండిని డీజిల్‌తోనే స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక నూనెకు మార్చాలి. ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు మార్చి పైపుల్లో ఉన్న నూనెను కడిగేయాలి. తెల్లవారుజామున కూరగాయల మార్కెట్‌కు నాలుగు కిలోమీటర్లు వెళ్లి వచ్చే బండి వేడెక్కేలోపే ఇల్లు చేరుతుంది. అలాంటి ట్రిప్పులన్నీ డీజిల్ మీదే నడుస్తాయి. సరిగ్గా కాలని నూనె ఇంజెక్టర్ల మీద, రింగుల దగ్గర బొగ్గులా పేరుకుంటుంది, ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని చిక్కబరుస్తుంది. రాత్రి పొయ్యి ఆర్పాక మీ మూకుడు అడుగున మిగిలే నల్లటి మడ్డిని చూడండి. శెనగపిండి తుక్కు, ఉప్పు, తడి అన్నీ అందులో ఉంటాయి. దాన్ని మీరిద్దరూ రోజూ తేర్చి, వడగట్టాలి. తెల్లవారకముందే పిండి కలిపే ఇంట్లో ఆ తీరిక ఎవరికుంది?

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. మంచి రోజులే వేసుకుని, డీజిల్‌లో సగం, అంటే రూ.3,600 మిగిలిందనుకుందాం. రూ.50,000 మీద మూడు రూపాయల వడ్డీ నెలకు రూ.1,500. గొలుసు మీద రూపాయి వడ్డీ అనుకున్నా రూ.400. ఫిల్టర్లకు, ముందుగానే మార్చాల్సిన ఇంజిన్ ఆయిల్‌కు రూ.800 తీసేయండి. చివరికి చేతిలో మిగిలేది రూ.900. దాన్నే కూడబెట్టి రూ.90,000 అసలు ఒకేసారి తీర్చాలంటే వంద నెలలు పడుతుంది. ఎనిమిదేళ్లు పైమాటే. 2009 బండి ఆర్‌సీ ఒకసారి రెన్యూవల్ అయినా 2029తో ఆ గడువు అయిపోతుంది.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. మంచి రోజులే వేసుకున్నా మీ ఆదాలో సగానికి పైగా వడ్డీలకే పోతుంది. లాక్‌డౌన్‌లో ఒకసారి కాలిన చెయ్యి మీది. మళ్లీ అదే పొయ్యిలో ఎలా పెడతారు?

ఇక నన్ను నిజంగా భయపెట్టింది మీ బ్యాంకు బ్యాలెన్స్. రూ.18,000 అంటే మీ ఇంటికి పదిహేడు రోజుల ఖర్చు. మీది ఏ రోజుకారోజు వచ్చే ఆదాయం. మీలో ఒకరు జ్వరంతో పడుకుంటే షాపు మూతే. నాలుగు రోజులు ముసురు పట్టినా గల్లాపెట్టె ఖాళీ. ఉద్యోగస్తులకు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను, మీకు మాత్రం ఆరు నెలలది ఉండాలి. అంటే రూ.1,92,000. నెలనెలా మిగిలే రూ.8,000 వేరే ఖాతాలో పడేస్తూ పోతే రెండో నెలకే ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది, 22 నెలల్లో మొత్తం నిధి పూర్తవుతుంది. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌పేకి కలపకండి. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ లేకపోతే ముందు అది తీసుకోండి, నిధి పూర్తవడానికి ఇంకో రెండు మూడు నెలలు పట్టినా పర్వాలేదు.

ఇంకో సంగతి. ఇంధనం మార్చాలంటే ముందు ఆర్‌టీఓ అనుమతి ఉండాలి, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. ఆర్‌సీలో ఎక్కని, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పుతో రోడ్డెక్కి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. నెలకు రూ.900 కోసం ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

మిగిలిన నూనెను మాత్రం పారబోయకండి. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మొదలుపెట్టిన రూకో (వాడిన వంటనూనెను మళ్లీ పనికొచ్చేలా చేసే కార్యక్రమం) కింద వాడిన నూనె కొని బయోడీజిల్ తయారీకి పంపేవాళ్లున్నారు. ఇద్దరు ముగ్గురిని రేటు అడిగి అమ్మండి. వచ్చినదంతా ఆ ఖాతాలోనే వేయండి.

ఈరోజే మెకానిక్‌కు ఫోన్ చేసి పని వద్దని చెప్పండి. అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోతే ఆ రూ.5,000 పోనివ్వండి. గొలుసు మాత్రం ఇంట్లోనే ఉండాలి.