వేషగాణ్ని కాస్త చెడగొట్టు

పర్లాకిమిడి

బాబూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. చివరి మూడు పేజీల్లో ‘కన్నీళ్లు’ పదకొండుసార్లు వచ్చాయి. ముందు ఇది చెప్పేస్తే నాకూ టెన్షన్ తగ్గుతుంది.

1941 డిసెంబరు 23న బర్మాలోని రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక కాలినడకన వెనక్కి బయల్దేరిన మన గంజాం, శ్రీకాకుళం వైపు వాళ్ల గురించి రాయాలనుకున్నావు. మంచిదే. గోపాలపురం రేవులో ఓడెక్కి ధాన్యం మిల్లుల పనికి పోయినవాళ్ల కథ ఎంత రాసినా తరగదు. అయితే ఆ గుంపులో ఒక పగటివేషగాణ్ని పెట్టి, దారి పొడుగునా పిల్లల్ని నవ్వింపజేసి, ఆఖరికి వాళ్లతో పాటే చంపేశావు. అక్కడ నాకో సినిమా గుర్తొచ్చింది.

హాలీవుడ్ హాస్యనటుడు జెర్రీ లూయిస్ 1972లో ‘ది డే ద క్లౌన్ క్రైడ్’ తీశాడు. హిట్లర్‌ని వెక్కిరించి ఖైదైన సర్కస్ బఫూన్ కథ. యూదు పిల్లల్ని గ్యాస్ గదికి నడిపించడానికి నాజీలు అతన్ని వాడుకుంటారు. చివర్లో తనూ లోపలికి పోతాడు. డబ్బు గొడవలు, హక్కుల గొడవలతో సినిమా ఆగింది, విడుదలే కాలేదు. ఆ పనికి సిగ్గుపడ్డానని 2013లో లూయిసే ఒప్పుకున్నాడు. నేను చూడలేదు కాబట్టి నటన జోలికి పోను. నీకు పనికొచ్చేది స్క్రిప్టు సంగతి. జోన్ ఓబ్రయన్, చార్లెస్ డెంటన్ రాసిన మూలంలో ఆ బఫూన్ పొగరుబోతు, ఒట్టి స్వార్థపరుడు. లూయిస్ వాణ్ని జాలిపడదగ్గ మనిషిగా మార్చాడు. ఓబ్రయన్‌కి అది మింగుడు పడలేదు. పడదు మరి! వాడు అంత మంచివాడయ్యాక, పిల్లలు వాడి మంచితనానికి సాక్షి సంతకం పెట్టడానికి వచ్చినట్టుంటారు.

నీ కథలోనూ అంతే. తొమ్మిదిమంది పిల్లలు, ఒక్కరికీ పేరు లేదు. వేషగాడికి మాత్రం మొలతాడు దగ్గర్నుంచి వర్ణన.

నవ్వు వద్దనడం లేదు. చావింట్లో పాడె కట్టేవాడి మీద కూడా మనవాళ్లు పరాచికాలాడతారు.

మా మామ్మ కూడా అప్పుడే బర్మాలోని ప్రోమ్ నుంచి టౌంగప్ కొండదారిన నడిచొచ్చింది. దారంతా కలరా. ఎప్పుడడిగినా ఒకటే చెప్పేది: “తమ్ముడు దాహమన్నాడు. గుంటలో నీళ్లు కొబ్బరిచిప్పతో ముంచి ఇచ్చాను.” అక్కడితో ఆపి, లేచి పొయ్యి చూసుకునేది. ఏడవగా నేను చూడలేదు. ఎవరైనా నీళ్ల బిందె మీద మూత ఒక్క నిమిషం తీసి ఉంచితే మాత్రం ఇల్లెగిరిపోయేలా అరిచేది.

కాబట్టి వేషగాణ్ని కాస్త చెడగొట్టు. ఒక పిల్ల అటుకుల మూట వాడి చేత దొంగతనం చేయించు. నవ్వించడం వాడికి కూలి. పిడికెడు బియ్యం వస్తేనే వేషం కట్టనీ. ఒకరోజు హాస్యం పండకూడదు, ఆ పూట పస్తుండాలి. ఆ అటుకుల పిల్లకి పేరు పెట్టు, ఊరు పెట్టు, దానికి వేషగాడంటే పడదని రాయి. వాణ్ని చంపి తీరాలని రూలేం లేదు. బరంపురం చేరి, ఎవరికీ ఏమీ చెప్పకుండా కిళ్లీకొట్టు పెట్టుకున్నా నాకభ్యంతరం లేదు.

ఆ మూడు పేజీలూ తీసెయ్. తిరగరాసింది ఫోన్‌లో పంపకు, నా కళ్లకి ఆనదు. దసరాకి వచ్చేటప్పుడు కాగితాలే పట్రా.

ఆశీస్సులతో,
మాస్టారు