నల్లరేగడిలో ప్రీఫ్యాబ్ ఇంటికి ఏ పునాది? – సమాధానం

వానలు పడగానే మీ ప్రీఫ్యాబ్ ఇంటి (ఫ్యాక్టరీలో చేసిన ప్యానెళ్లను తెచ్చి బిగించే ఇల్లు) తలుపులు బిగుసుకుపోతున్నాయని, రెండో ఇంటికి ఏ పునాది వేయాలని అడిగారు. తలుపులు బిగుసుకుపోవడానికి కారణం ప్యానెళ్లు కాకపోవచ్చు. నల్లరేగడిపై నేరుగా పోసిన స్లాబును తడికి ఉబ్బిన మట్టి పైకి నెడుతోంది, ఇల్లు తేలికైనది కనుక దాన్ని అణచలేకపోతోంది. మీరు అడిగిన రెండో ఇంటికి ఇలా చేయండి.

1. మట్టి పరీక్షలో ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (తడికి మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే కొలత) 50 శాతం దాటితే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా వెడల్పు చేసి నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) మేలు. రేగడి లోతుగా ఉన్నచోట వాటి పొడవు కనీసం 3.5 మీటర్లు ఉండాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పైల్స్‌ను పైన కలిపే కాంక్రీటు దూలానికీ (ప్లింత్ బీమ్) నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. బీమ్ మట్టిని తాకితే, నేల ఉబ్బినప్పుడు దాన్ని కిందినుంచి నెట్టి, పైల్స్‌పై పెట్టిన ఖర్చును వృథా చేస్తుంది. బీమ్ పోయడానికి కింద పరిచిన మట్టిని ఆ తర్వాత తప్పక తీయించండి. మేస్త్రీలు సాధారణంగా దాన్ని అలాగే వదిలేస్తారు.

3. ఇంటిని పునాదికి బిగించే యాంకర్ బోల్టులను ఫ్యాక్టరీ డ్రాయింగు ప్రకారమే అమర్చాలి.