మేనకోడలికి అంబ్రెల్లా రిగ్ గురించి ఉత్తరం

తార్నాక, హైదరాబాద్

చి. సౌ. బిడ్డకు మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. గొడుగు ఊచల్లా విచ్చుకునే ఐదు తీగల గాలం రిగ్గు కొన్నావు, ఐదింటికీ ఒకే సైజు, ఒకే రంగు స్విమ్‌బైట్లు (చేపపిల్లల్లా ఉండే మెత్తటి ఎరలు) తగిలించావు, పక్కన గోడకు ఆనించింది మాత్రం నీ పాత ఏడడుగుల మీడియం గాలం రాడ్. ఆ రాడ్‌తో అది విసరకు. మిగతాది నెమ్మదిగా చెబుతాను. ఫోన్లో అయితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

సముద్రంలో పడవ వెనకాల లాగే గొడుగు రిగ్గులు ఎప్పటి నుంచో ఉన్నాయి. దాన్ని చేత్తో విసిరే సైజుకి కుదించి, బాస్ అనే అక్కడి మంచినీటి వేట చేపకి పనికొచ్చేలా చేసినాయన ఆండీ పాస్, మీ అలబామా రాష్ట్రంలోనే మజిల్ షోల్స్ ఊరి మనిషి. 2011 అక్టోబరులో పాల్ ఇలియాస్ దాంతోనే, అది కూడా మీ గంటర్స్‌విల్ లేక్ మీదే, నాలుగు రోజుల పోటీలో 102 పౌండ్ల 8 ఔన్సుల బాస్ తూకం వేసి గెలిచాడు. ఆ తర్వాత షాపుల్లో ఆ రిగ్గు దొరకడమే కష్టమైంది. పెద్ద పోటీల్లో దాన్ని నిషేధించారు కూడా. నేను హంట్స్‌విల్లో ఉద్యోగం చేసిన రోజుల్లో దాని గురించి వాదించుకోని గాలం మనిషి లేడు. నా మాట అడిగితే, పోటీలో దాన్ని ఆపడం సబబే, సరదాకి వేసేవాళ్ళు జాగ్రత్తగా వాడితే తప్పేమీ లేదు.

అయితే ఐదు ఎరలు ఉన్నాయి కాబట్టి చేపలు కూడా ఐదింతలు పడతాయని లెక్క వేసుకోకు. నీళ్ళలో అది ఒక చిన్న షాడ్ గుంపులా కనబడాలి, అంతే. షాడ్ అంటే మన పులసకి దూరపు చుట్టం, వేలెడంత వెండి చేప. ఆ లేక్‌లో బాస్ తిండి చాలావరకు అదే. కాబట్టి నువ్వు ఏ నెలలో వెళ్ళినా ముందు అడగాల్సింది బాస్ ఎక్కడుందని కాదు, షాడ్ ఎక్కడ గుంపు కట్టిందని. గుంపు కట్టిన కాలంలో ఈ రిగ్గుని మించింది లేదు. గుంపు లేని కాలంలో, లేదా బాస్ బుర్రలో తిండి ధ్యాస లేని కాలంలో, దాన్ని పెట్టెలో పెట్టి వేరేది కట్టుకో.

ముందు సామాను. ఎరలన్నీ కలిపితే రిగ్గు బరువు రెండు మూడు ఔన్సులు దాటుతుంది. ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల హెవీ రాడ్, నెమ్మదిగా తిరిగే రీల్, 65 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిక) దారం. ఇంతకంటే సన్నం వద్దు. రాయికి పట్టుకుంటే ఒక్క దెబ్బకి అంతా పోతుంది. చిక్కుకున్న ఎరని విడిపించే బరువు ఒకటి పొడుగు తాడుకు కట్టి ఎప్పుడూ దగ్గర పెట్టుకో, మొదటి నెలలోనే దాని ఖరీదు రాబట్టుకుంటావు.

తీగలు విప్పడం నేర్చుకో. పెట్టెలోంచి తీసినప్పుడు అన్నీ దగ్గరగా మడిచి ఉంటాయి. తీగలన్నీ కలిసే రిగ్గు తల దగ్గర ఎడమ చేత్తో పట్టుకుని, ఒక్కో తీగని మొదట్లో కాకుండా ఒక అంగుళం అవతల బొటనవేలు ఆనించి మెల్లగా బయటికి వంచు. పైన రెండు, కింద రెండు, అన్నీ ఒకే ఎడంలో ఉండాలి, మధ్యది తిన్నగా వెనక్కి. ఎప్పుడూ ఒకేచోట వంచుతూ పోతే తీగ అక్కడ అలిసిపోయి, మంచి చేప పడ్డ రోజే తెగుతుంది. ప్రతిసారీ వేసే ముందు మొదళ్ళ మీద గోరు పెట్టి చూడు, గరుకు తగిలితే ఆ రిగ్గుని పక్కన పడేయ్.

ఎరల్లో నాలుగు ఒకేలా పెట్టు, మూడున్నర నాలుగంగుళాలవి. మధ్య తీగకి మాత్రం కాస్త పెద్దది, రంగు కొంచెం తేడాగా ఉన్నది పెట్టు. గుంపులో వెనకబడ్డ దాన్ని, తేడాగా కనబడ్డ దాన్ని వేటాడటం బాస్ స్వభావం, అందుకే ఎక్కువ దెబ్బలు మధ్యదాని మీదే పడతాయి. కింది రెండు తీగల ఎరలకి 7 గ్రాముల తలలు (ఎర ముందు ఉండే బరువులు), పై రెండింటికి 3.5 గ్రాములవి. కింద బరువుంటేనే రిగ్గు గిరగిరా తిరగకుండా నిలువుగా వస్తుంది. ఎర తోక పక్కకి వంగిపోతే మరిగిన నీళ్ళలో ఓ క్షణం ముంచి తిన్నగా పట్టుకో, సర్దుకుంటుంది.

ముళ్ళ సంగతి తప్పకుండా చూసుకోవాలి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన. పక్క రాష్ట్రం టెన్నెసీలో ఇలాంటి రిగ్గుకి మూడు ముళ్ళే. గంటర్స్‌విల్ లేక్ పైకొస పోయి పోయి టెన్నెసీలో నికజాక్ డ్యామ్ దగ్గర ఆగుతుంది. అంటే ఒకే నీళ్ళ మీద వెళ్తూ వెళ్తూ రాష్ట్రం దాటిపోతావు. అలబామాది ఏ ఏటికాఏడు వాళ్ళ రూల్సు పుస్తకం తెరిచి చూడు, ఎవరో చెప్పిందని నమ్మకు, నేను చెప్పిందని కూడా. నన్నడిగితే ఎక్కడైనా మూడే పెట్టు. మధ్యదానికి, కింది రెండింటికి. పై రెండూ ముల్లు లేని డమ్మీలు. చేపలు తగ్గవు, చిక్కులు తగ్గుతాయి, పడ్డ చేపకి కంట్లోనో మొప్పలోనో రెండో ముల్లు దిగడమూ తగ్గుతుంది.

విసరడం బోటులో నేర్చుకోకు. ముళ్ళన్నీ తీసేసి పార్కులో నేర్చుకో. ఇక్కడ మా కాలనీ పార్కులో పొద్దున్నే ఎవరూ లేనప్పుడు పిల్లలకి నేను ఉత్త సీసం కట్టి ఇలాగే నేర్పిస్తున్నా. రెండు చేతులూ పట్టి, రిగ్గుని కొసకి నాలుగడుగుల కింద వేలాడనిచ్చి, వెనక్కి తీసుకెళ్ళి, ఆ బరువుకి రాడ్ వంగిందని చేతికి తెలిశాకే ముందుకి ఊపు. జాడించి కొడితే తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. నీళ్ళని తాకబోయే ముందు బొటనవేలితో రీల్ కొంచెం ఆపితే విచ్చుకుని పడుతుంది.

ఇక కాలాలు. అసలు కాలం చలికాలం, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా.

కార్తీకం దాటాక అక్కడ నీళ్ళు 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగుతాయి. అప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా షాడ్ లోతు పక్కన బంతి కట్టినట్టు ముద్దగా ఉంటుంది. బాస్ వాటి కింద, అడుగుకీ పైకీ మధ్యలో వేలాడుతుంది. మామూలు ఎరలకి కదలదు, ఎదురుగా ఒక గుంపే వస్తే ఆగలేదు. వంతెన స్తంభాలు, కాజ్‌వేల (నీళ్ళ మీదుగా వేసిన రోడ్డు కట్టల) రాళ్ళ అంచులు, నిటారుగా దిగే గట్లు, పాత నది గట్టు మలుపు తిరిగే చోట్లు చూడు. నీళ్ళ కింద ఏముందో చూపించే సోనార్ తెర మీద షాడ్ గుంపు మబ్బులా కనబడుతుంది, దాని కింద గీతల్లా ఉన్నవి బాస్. గుంపు పదిహేను అడుగుల్లో ఉంటే నీ రిగ్గు పన్నెండులో రావాలి. బాస్ పైకి చూసి లేస్తుంది, కిందికి దిగి తినడం తక్కువ. నీ రిగ్గు సెకనుకి ఎంత దిగుతుందో ఒడ్డు దగ్గర తేటనీళ్ళలో చూసి పెట్టుకుంటే, లోతులో అంకెలు లెక్కపెట్టి ఆపొచ్చు. తర్వాత నీకు విసుగొచ్చేంత నెమ్మదిగా చుట్టు. తోకలు ఆడుతున్న అదురు చేతికి తెలియాలి, అంతకుమించి వేగం వద్దు. దెబ్బ తగిలినప్పుడు కొన్నిసార్లు కొట్టినట్టుండదు, రిగ్గు బరువే మాయమైనట్టుంటుంది. అప్పుడు ఆలోచించకుండా చుట్టి, రాడ్ పక్కకి లాగు.

నీళ్ళు 45 కిందికి పడితే త్రెడ్‌ఫిన్ రకం షాడ్ నీరసిస్తుంది, ఇంకా పడితే చచ్చి తేలుతుంది. ఆ రోజుల్లో బాస్‌కి కష్టపడకుండానే తిండి. రిగ్గు ఇంకా నెమ్మదించు, మధ్యలో ఆపి కాస్త దిగనివ్వు.

ఈ కాలం గురించే ఇంకొక మాట, దీన్ని సలహా అనుకోకు, ఆజ్ఞ అనుకో. లైఫ్ జాకెట్ తొడుక్కుని, బెల్టులు బిగించుకుని ఉండాలి, నువ్వూ అల్లుడూ ఇద్దరూ. నీకు ఈత వచ్చని తెలుసు. 45 డిగ్రీల నీళ్ళలో పడగానే ఊపిరి గుక్కపట్టి లోపలికి లాగేస్తుంది, ఆ గుక్కలోనే నీళ్ళు పోతాయి, తర్వాత చేతులు మాట వినవు. బోటు ఇంజన్ ఆపే తాడు నడిపేవాళ్ళ ఒంటికి కట్టి ఉండాలి.

ఇక్కడ శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, అక్కడ ఆ రోజులకే బాస్ కదలడం మొదలెడుతుంది. నీళ్ళు 50 దాటి 60 వైపు ఎక్కుతుంటే లోతుల్లోంచి వాగుల నోళ్ళకి, అక్కడి నుంచి వాగు లోపల నీళ్ళలోకి పొడుచుకొచ్చిన గట్టు ముక్కుల మీదికి వస్తుంది. కడుపునిండా గుడ్లున్న పెద్ద ఆడచేపలు ఇప్పుడే పడతాయి. రిగ్గు ఇంకా పనికొస్తుంది, కానీ నీళ్ళు తక్కువ కాబట్టి తలలన్నీ 3.5 గ్రాములకి మార్చు, కొత్తగా మొలుస్తున్న నాచు కొసల మీదుగా తాకీ తాకనట్టు తీసుకురా. ఈ చేపల్ని ఫొటో కోసం ఎక్కువసేపు బయట ఉంచకు.

ఉగాది వస్తే రిగ్గు లోపల పెట్టేయ్. నీళ్ళు అరవైల్లో ఉండగా బాస్ గూళ్ళు కడుతుంది. మన కొరమీను పిల్లల గుంపుని కాసినట్టే మగ బాస్ గూడు కాస్తుంది. ఇక్కడ కాపలా ఉన్న కొరమీను జోలికి పోకూడదని నీకు చిన్నప్పుడే చెప్పాను, అక్కడా అంతే.

బాస్ గుడ్లు పెట్టడం అయ్యాక ఒక చిన్న అవకాశం ఉంది, చాలామంది నిద్రలో పోగొట్టుకుంటారు. ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో షాడ్ గుడ్లు పెట్టడానికి తెల్లవారుజామున రాళ్ళ కట్టలకి, పడవలు కట్టే డాక్‌లకి ఆనుకుంటుంది. నీళ్ళ అంచున చినుకులు పడుతున్నట్టు కదులుతుంది. మూడు తీగల చిన్న రిగ్గు, తేలిక తలలు, కట్టకి సమాంతరంగా, పైపైనే. ఎండ పైకెక్కితే ఆట అయిపోతుంది.

ఎండాకాలం మీ లేక్‌లో నాచు చాపలా కమ్మేస్తుంది. అందులోకి రిగ్గు విసిరితే చెత్త ఎత్తిపోసినట్టే. అక్కడ కప్ప ఎర వేయి, మనం ఇక్కడ కొరమీనుకి వేసేదే. ఇక్కడ మృగశిర కార్తెకి జనం రాంనగర్ మార్కెట్‌కి చేపల కోసం పోతున్న రోజుల్లో, అక్కడ బాస్ పాత నది గట్టు అంచుల మీద గుంపుగా చేరి ఉంటుంది. టీవీఏ (అక్కడి డ్యాములు నడిపే టెన్నెసీ వ్యాలీ అథారిటీ) డ్యామ్ నీళ్ళు వదిలి ప్రవాహం నడిచినప్పుడే తింటుంది, ఎప్పుడు వదులుతారో వాళ్ళ యాప్‌లో చూసుకో. గుంపు పైకి లేచి షాడ్‌ని తరుముతుంటే ఐదు తీగలది వద్దు, రెండు ఫ్లూకుల (సన్నటి చేపలాంటి మెత్తటి ఎరల) రిగ్గు కట్టు. మెయిన్ దారాన్ని ఒక స్వివెల్ (గిరగిరా తిరిగే చిన్న లోహపు లింకు) కన్నంలోంచి పోనిచ్చి, కొసకి రెండో స్వివెల్ కట్టు. రెండోదానికి మూడడుగుల లీడర్ (ఎర కట్టే విడి దారం ముక్క), జారే మొదటిదానికి అడుగున్నర లీడర్, ఒక్కోదానికి ఒక్కో ఫ్లూక్. నీళ్ళ మీద టకటకా ఆడిస్తూ తే. ఒకదానికి చేప పడ్డా వెంటనే లాగేయకు, దాని నోట్లోది కాజేద్దామని ఇంకొకటి వెంటపడుతుంది, రెండో ఫ్లూక్ దానికే. జంటగా పడ్డప్పుడు వచ్చే బరువు నాకిప్పటికీ చేతుల్లో ఉంది.

దసరా నాటికి షాడ్ వాగుల లోపలికి పోవడం మొదలెడుతుంది. ఇలియాస్ గెలిచింది ఈ నెలలోనే. ఈ రోజుల్లో షాడ్ ఎంతుందో ఒకటి చేత్తో పట్టి చూసి, ఎర సైజు దానికి కలుపు. రెండంగుళాల షాడ్ మధ్యలో ఐదంగుళాల ఎరలు వేస్తే బాస్ వెనకాల వచ్చి చూసి తిరిగిపోతుంది. వాగు మొదలు నుంచి లోపలికి గాలిస్తూ పో, నీళ్ళ మీద మెరుపులు కనబడ్డ చోట ఆగు. చలి ముదిరేకొద్దీ మళ్ళీ లోతుకి వెనక్కి రా.

చేప దగ్గరికొచ్చాక రబ్బరు వలతోనే తీయి. మామూలు గాలానికైతే కింది పెదవి పట్టుకోవచ్చు, దీనికి వద్దు, చేప ఒక్కసారి తల విదిలిస్తే ఊగుతున్న ఖాళీ ముల్లు నీ చేతిలో ఉంటుంది. వల నీళ్ళలోనే ఉంచి, ముందు రిగ్గు తల పట్టుకుని, ప్లయర్‌తో ముల్లు తీసి, అప్పుడు చేపని ఎత్తు. ముళ్ళ వెనక కొక్కేలు ఇంట్లోనే నొక్కేసుకో. కళ్ళకి అద్దాలు ఎప్పుడూ ఉండాలి.

కొత్త రాడ్ ఏది కొనాలో రెండు మూడు చూసి ఫొటోలు పంపు, కొనే ముందు నాకు చెప్పు. రీల్ మాత్రం కొత్తది కొనకు, నేను అక్కడ వదిలేసి వచ్చిన పెట్టెలో పెద్దది ఒకటుంది, గేర్లకి నూనె పెట్టిస్తే చాలు. మొదటిసారి వెళ్ళే రోజు నీళ్ళ ఉష్ణోగ్రత, షాడ్ ఎంత లోతులో ఉందో రాసి పెట్టి పంపు, ఏ తలలు వేయాలో అప్పుడు చెబుతా.

ఇట్లు,
మీ మామ