పిరిడోస్టిగ్మిన్ వాడుతున్నా టీనేజ్ పిల్లల్లో కండరాల నీరసం ఎందుకు పెరుగుతుంది?

నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందక నీరసం వచ్చే జబ్బు మయస్థీనియా. పుట్టుకతో వచ్చే మయస్థీనియాలో ఏ జన్యువు దెబ్బతిందన్న దాన్ని బట్టే మందు పనిచేస్తుంది, కాబట్టి ఒకరికి మేలు చేసిన పిరిడోస్టిగ్మిన్ మరొకరిని ఇంకా నీరసపరచవచ్చు.

నరం చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అందితేనే కండరం బిగుస్తుంది. పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ రసాయనం వెంటనే విరిగిపోకుండా ఆపుతుంది. కండరం మీద దాన్ని అందుకునే రిసెప్టర్లు తక్కువగా ఉండే సీహెచ్ఆర్ఎన్ఈ (ఒక జన్యువు పేరు) రకంలో ఇది చాలామందికి పనికొస్తుంది: వేసుకున్న గంటలోపే బలం తెలుస్తుంది, మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. అందుకే రోజుకు పలుమార్లు వేయాలి.

కానీ అన్ని రకాల్లో ఇలా జరగదు. ఉదాహరణకు డీఓకే7 అనే జన్యువు దెబ్బతిన్న రకం చూడండి. ఇక్కడ లోటు రసాయనంలో కాదు, నరం కండరం కలిసే చోటు సరిగా కట్టుకోకపోవడంలో ఉంది. పిరిడోస్టిగ్మిన్‌తో తరచూ మెట్లెక్కడం, చేతులెత్తడం ఇంకా కష్టమవుతాయి. దీనికి ఉబ్బసం మందుగా తెలిసిన సాల్బ్యుటమాల్‌నే, ఇన్‌హేలర్‌గా కాక నోటిద్వారా ఇస్తారు. ఫలితం వారాలు, నెలల మీద కనిపిస్తుంది. పది రోజులకే 'పనిచేయలేదు' అని ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. రిసెప్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండే స్లో ఛానల్ రకానికైతే ఫ్లూఆక్సెటిన్ వాడతారు, అది మళ్లీ వేరే లెక్క.

మయస్థీనియా అనగానే స్టెరాయిడ్లు కావాలనుకుంటారు. అవి రోగనిరోధక వ్యవస్థ దాడివల్ల వచ్చే రకానికి. పుట్టుకతో వచ్చే రకంలో ఆ దాడే లేదు, యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ రావడమూ అందుకే. జన్యు పరీక్ష చేయిస్తేనే రకం తేలుతుంది.