సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నాను. అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సులో చేరాను. ల్యాబ్‌లో ఏది పనిచేయకపోయినా మా సార్ ముందు ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ కొట్టమంటారు. ఎస్ఈలినక్స్ నేర్చుకుంటే ఉద్యోగానికి ఉపయోగపడుతుందా, టైమ్ వేస్టా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీ సార్ చెప్పింది సగం సరైనదే. ఆ కమాండ్‌తో ఎస్ఈలినక్స్, అంటే లినక్స్ లోపలుండే భద్రతా కాపలా, అడ్డుకోవడం మానేస్తుంది కానీ, ఏం అడ్డుకోవాల్సి ఉందో లాగ్‌లో రాస్తూనే ఉంటుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి అది పనికొస్తుంది. చిక్కల్లా ఆ లాగ్ తెరవకుండా ‘హమ్మయ్య, పనిచేసింది’ అనుకోవడంలోనే. ఇంటర్వ్యూలో కూడా ‘ఆఫ్ చేసేస్తానండీ’ అన్నారంటే అవతలివాళ్ల ముఖం మారిపోతుంది.

పెళ్లింట్లో వంటమనిషికి వంటిల్లు, సరుకుల గది చాలు. పొరపాటున బీరువా తాళంచెవి అతని చేతిలో పడినా, ఆ గది గుమ్మంలోనే ఆపేసే కాపలా ఉందనుకోండి. ఎస్ఈలినక్స్ అలాంటిదే. మామూలు లినక్స్‌లో ఫైల్ ఎవరికివ్వాలో ఓనర్ ఇష్టం, అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతాకైతే దాదాపు అడ్డే లేదు. ఇక్కడ పాలసీదే, అంటే ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో ముందే రాసిపెట్టిన నియమాలదే, తుది మాట. వెబ్ సర్వర్ హ్యాకర్ చేతికి చిక్కినా, పాస్‌వర్డ్‌లుండే షాడో ఫైల్ జోలికి వెళ్లనివ్వదు. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దీన్ని 2000లో అందరికీ విడుదల చేసింది. 2003లో లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి వచ్చింది.

ఇక ఉద్యోగం. ‘ఎస్ఈలినక్స్ ఇంజినీర్’ పేరుతో పోస్టులు అరుదు, దాని కోసం వెతక్కండి. లినక్స్ అడ్మిన్, డెవాప్స్, సెక్యూరిటీ పనుల్లో ఇది కలిసే ఉంటుంది. రెడ్‌హ్యాట్ కంపెనీ పెట్టే లినక్స్ అడ్మిన్ సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ సిలబస్‌లోనూ ఉంది, అదీ సిస్టమ్ ముందు కూర్చుని చేసి చూపించే పరీక్ష. మీకు సీ లాంగ్వేజ్ ఇష్టమైతే ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది: ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్ పని. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్‌లో ఎస్ఈలినక్స్ పూర్తిస్థాయిలో అమలవుతోంది. కాబట్టి ఫోన్ కంపెనీ తన సొంత సర్వీస్ ఒకటి చేర్చినా, దానికి పాలసీ రాసేవాళ్లు కావాలి. ఉబుంటులో ఇలాంటి కాపలా పనే చేసే యాప్‌ఆర్మర్ సులువు, తర్వాత చూసుకోవచ్చు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. వర్చువల్ మెషిన్‌లో ఫెడోరా లినక్స్ వేసి అపాచీ వెబ్ సర్వర్ నడపండి. మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక టెస్ట్ పేజీ రాసి, ‘ఎంవీ’తో వెబ్ ఫోల్డర్‌లోకి జరపండి. పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉన్నా బ్రౌజర్ ‘ఫర్బిడెన్’ అంటుంది, ఎందుకంటే ఫైల్ తన పాత లేబుల్‌ను, అంటే ఎస్ఈలినక్స్ చూసే గుర్తును, వెంటపెట్టుకుని వచ్చింది. ‘ఎల్ఎస్ -జెడ్’తో ఆ లేబుల్ చూసి, ‘రిస్టోర్‌కాన్’తో సరిచేయండి. ‘సీపీ’తో కాపీ చేస్తే ఈ తంటా రాదు. ఎందుకు రాదో మీ మాటల్లో రాసుకోండి. లాగ్ చూసి కొత్త రూల్ తయారుచేసిచ్చే ఆడిట్2అలౌ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. అది ఇచ్చిన రూల్‌ను అర్థం చేసుకోకుండా అతికించడమూ ఆఫ్ చేయడమూ దాదాపు ఒకటే.