అబ్‌స్ట్రాక్ట్ ఫొటోలు మొదలుపెట్టడానికి మాక్రో లెన్సు కొనాలా?

"నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. అబ్‌స్ట్రాక్ట్ ఫొటోగ్రఫీ మొదలుపెట్టాలంటే ముందు మాక్రో లెన్సు కొనాలా? దేన్ని తీయాలి?" అని అడిగారు.

కొనకండి. అబ్‌స్ట్రాక్ట్ అంటే తీసిన వస్తువేదన్నది కాక దాని రంగులూ, గీతలూ, ఆకారాలే ఫొటోగా నిలవడం. మాక్రో అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసే లెన్సు. నేను అది కొని దెబ్బతిన్నాను. షాపులో కుర్రాడు "సార్, మాక్రో లేకపోతే అబ్‌స్ట్రాక్ట్ రాదు" అంటే నమ్మి తెచ్చుకున్నాను. రెండు నెలలు ఉల్లిపొరలు, సబ్బు బుడగలు, నీళ్లలో నూనె చుక్కలు తీశాను. యూట్యూబ్‌లో అందరూ చేసేవే. గ్యాస్ గట్టు నిండా నూనె ఒలకబోసి తిన్న చివాట్లు గుర్తున్నాయి గానీ ఆ ఫొటోల్లో ఒక్కటీ గుర్తులేదు.

నాకు ఈ పని పట్టుబడింది విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. రిపేర్లూ రంగులూ అన్నీ అప్పుడే. మిగతా రోజుల్లో నీళ్లలో ఉండే బోటు అడుగు అప్పుడు ఒడ్డు మీద మన కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మే నెలలో ఒకరోజు పొద్దున ఏడింటికి వెళ్లాను. చూసుకుంటే లెన్సు ఇంట్లోనే మర్చిపోయాను, జేబులో ఫోన్ తప్ప ఏమీ లేదు.

ఒక పాత చెక్క బోటుకి పెయింట్ గీకుతున్నారు. పైన నీలం, కింద పచ్చ, దాని కింద ఇటుక రంగు. మేకు తల ఉన్న ప్రతి చోటా తుప్పు చారలు కారి ఉన్నాయి. ఎండ పక్కనుంచి పడుతోంది కాబట్టి లేచిన ప్రతి పెచ్చుకీ ఒక సన్నని నీడ. అరచేయంత జాగా ముందు గంటన్నర నిలబడిపోయాను.

గీకుతున్న పెద్దాయన కాసేపు చూసి ఆగాడు. "ఏటి బాబూ, బోటంతా ఒగ్గేసి ఆ మూల ఏటి తీత్తన్నావు? ఫిషరీసోలు పంపినారేటి?"

కాదు తాతా, ఊరికే రంగులు బాగున్నాయని, అన్నాను. నమ్మినట్టు లేడు. ఫోన్ చేతికిచ్చి చూపించాను. నాకైతే అది ఆకాశం నుంచి చూసిన ఏదో దీవిలా ఉంది. ఆయనకి అలాంటిదేమీ కనపడలేదు. వేలితో చూపిస్తూ "ఈ పచ్చ మా అన్న ఉన్నప్పుడేసింది. నీలం నానేసినాను. ఇక్కడ సెక్క మార్సినాం" అని చెప్పుకుంటూ పోయాడు.

ఆ రోజు నేను చేసిందంతా ఇంతే. ఫోన్‌ని చెక్కకి సమాంతరంగా పట్టుకున్నాను, ఏ మూలా మసకబారకుండా. మరీ దగ్గరికి పెడితే ఫోకస్ పట్టదు, అందుకని ఓ జానెడు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టాను. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కొంచెం కిందికి లాగాను. ముదురు రంగు నిండుగా ఉంటే ఫోన్ దాన్ని పనిగట్టుకుని తెల్లబరుస్తుంది, రంగులో ఉన్న బరువంతా పోతుంది. వీటికన్నా ముఖ్యం, చూడగానే బోటు అని చెప్పేసేవన్నీ అంచుల్లోంచి బయటికి నెట్టేశాను. తాడు, బోటు నంబరు, కిందున్న ఇసుక. మధ్యలో ఏముందో అందరూ చూసుకుంటారు. అంచులు చూసుకునేవాళ్లే తక్కువ.

లెన్సు మాట మళ్లీ ఎత్తకుండా ఒక సంగతి చెప్తాను. 1916లో పాల్ స్ట్రాండ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ గిన్నెలూ, వరండా కమ్మీల నీడలూ తీశాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కోబర్న్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ మూడు అద్దాల ముక్కలు త్రికోణంలా బిగించి వాటిలోంచి తీశాడు. ఆరన్ సిస్కిండ్ అనే ఫొటోగ్రాఫర్ అయితే న్యూయార్క్‌లో బడిపంతులు, మొదట్లో జనం మీద డాక్యుమెంటరీ ఫొటోలు తీసేవాడు. 1944 వేసవిలో గ్లౌస్టర్ అనే చేపల రేవుకి వెళ్లి, అక్కడ పడున్న చేతి తొడుగులూ తాళ్లూ తీయడం మొదలుపెట్టాడు. తర్వాత పెచ్చులూడిన గోడలే ఆయన జీవితం. చేపల రేవులో ఏదో ఉంది, నా నమ్మకం అది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఫొటో గ్రూపుల్లో "ఇదేంటో గుర్తుపట్టండి చూద్దాం" అని పెడతారు. కింద నలభై మంది జవాబులు. చివరికి అది కాకరకాయ. గుర్తుపట్టగానే ఫొటో పని అయిపోయింది, రెండోసారి ఎవరూ చూడరు. అది పొడుపుకథ, అబ్‌స్ట్రాక్ట్ కాదు. చెయ్యి వణికి మసకబారినదాన్ని అబ్‌స్ట్రాక్ట్ అని పెట్టేవాళ్ల సంగతి సరేసరి. కావాలని కెమెరా కదిలించి తీయడం వేరే విద్య, దానికి వంద తీస్తే ఒకటి దక్కుతుంది. రంగులు కళ్లు పొడిచేలా పెంచేవాళ్ల గురించి రాయాలంటే ఇంకో జవాబు కావాలి.

మీరు ఏ ఊళ్లో ఉన్నారో రాయలేదు. హార్బర్ లేకపోతే లారీలకు బాడీ కట్టే షెడ్డుకి వెళ్లండి, లేదా మీ ఇంటి గేటు చాలు. ఒకే జాగాకి పది రోజులు వెళ్లండి, వేర్వేరు వేళల్లో. మూడో రోజు బోరు కొడుతుంది. ఆరో రోజు ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఆ బోటు ఫొటో నాకు బాగా నచ్చింది. అడ్డం నిలువు చేసి, తలకిందులు చేసి చూస్తే తలకిందులే బాగా కుదిరింది. అలాగే ఎ4 సైజులో రెండు ప్రింట్లు వేయించాను. ఒకటి ఇద్దామని జూన్ మొదట్లో హార్బర్‌కి వెళ్లాను. బోటు అప్పటికే కొత్త నీలంతో నిగనిగలాడుతోంది. పెద్దాయన ప్రింటు తీసుకుని ఒక్క చూపు చూసి, మారుమాట లేకుండా తిప్పి పట్టుకున్నాడు.

"తుప్పు మీదికి కారతాదేటి బాబూ?"

మా హాల్లో మాత్రం అది ఇప్పటికీ తలకిందులుగానే ఉంది.